లాగ్ లైన్ వెనక ఖర్చు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాల్లో చాలావరకు ఒకే పని చుట్టూ తిరిగాయి: ఒక్కో ఘటననూ కీ-విలువ జతలుగా ఒక్కో జేసన్ (డేటాను టెక్స్ట్‌గా రాసే ఒక పద్ధతి) లైన్‌లో రాసే స్ట్రక్చర్డ్ లాగింగ్ లైబ్రరీని, అదీ వేగంగా పనిచేసేదాన్ని, సొంతంగా కట్టుకోవడం ఎలా అని. అడిగినవారిలో ఎక్కువమంది గో భాషలో రాసేవారే కాబట్టి ఉదాహరణలు అందులోనే ఇస్తున్నాం.

ప్రశ్న: లాగ్ లెవెల్ (ఏ స్థాయి నుంచి లైన్లు రాయాలో చెప్పేది) ఇన్ఫోలో పెట్టాం. అంతకన్నా కింది స్థాయి డీబగ్ లైన్లు ఎక్కడా పడటం లేదు. అయినా ప్రొఫైల్ (సమయం ఎక్కడ పోతోందో చూపే కొలత) తీస్తే లాగింగే పైన కనిపిస్తోంది. రాయని లైన్‌కి ఖర్చేమిటి?

జవాబు: లైన్ రాయకపోయినా ఆర్గ్యుమెంట్లు తయారవుతాయి. గోలో ఫంక్షన్‌ని పిలిచేలోపే దానికిచ్చే విలువలన్నీ సిద్ధమై ఉండాలి. డీబగ్ ఫంక్షన్‌కి ఎస్‌ప్రింట్‌ఎఫ్ (విలువలతో స్ట్రింగ్ కట్టే ఫంక్షన్) ఫలితాన్ని ఇస్తే ముందు స్ట్రింగ్ మొత్తం తయారవుతుంది. ఆ తర్వాతే డీబగ్ లోపలికి వెళ్లి, లెవెల్ చూసి, చేసిందంతా పారేస్తుంది.

రెండో ఖర్చు కంటికి కనిపించదు. "కీ, విలువ, కీ, విలువ" అంటూ ఎన్ని కావాలంటే అన్ని తీసుకునే ఫంక్షన్‌లో ప్రతి విలువా ఏ రకం విలువనైనా పట్టే ఎనీ అనే ఇంటర్‌ఫేస్‌లోకి దూరాలి. విలువ కాన్‌స్టెంట్ అయితే, లేదా 0 నుంచి 255 లోపు చిన్న పూర్ణసంఖ్య అయితే పర్వాలేదు. 48213 లాంటి ఐడీ గానీ అప్పుడే తయారైన స్ట్రింగ్ గానీ అయితే మాత్రం సాధారణంగా హీప్ (ప్రోగ్రామ్ నడుస్తుండగా కేటాయించే మెమరీ) మీద చోటు అడుగుతుంది. లైన్‌కి నాలుగు విలువలు, సెకనుకి కొన్ని వేల లైన్లు అనుకోండి, గార్బేజ్ కలెక్టర్ (వాడకం అయిపోయిన మెమరీని ఊడ్చేది) పని తడిసి మోపెడవుతుంది. ఏ విలువ హీప్‌కి పోతోందో తెలియాలంటే బిల్డ్‌కి "-జీసీఫ్లాగ్స్=-ఎమ్" ఇచ్చి చూడండి, కంపైలరే లైన్ నంబరుతో సహా చెబుతుంది.

అందుకని లెవెల్ తనిఖీని అన్నిటికన్నా ముందుకు తెచ్చి, ఒక్క అటామిక్ రీడ్‌తో (మధ్యలో ఎవరూ అడ్డురాని ఒకే చదువుతో) ముగించండి. లాక్ (ఒకరు వాడుతుంటే మిగతావాళ్లను ఆపేది) వద్దు. విలువలకు రకం తెలిసిన ఫీల్డ్ స్ట్రక్ట్ పెట్టండి: కీకి ఒక స్ట్రింగ్, రకం చెప్పే ఒక బైట్, 64 బిట్ల సంఖ్య ఒకటి, స్ట్రింగ్ ఒకటి. పూర్ణసంఖ్య, దశాంశం, బూలియన్, కాలవ్యవధి అన్నీ ఆ 64 బిట్లలోనే ఇముడుతాయి. జ్యాప్ అనే గో లాగింగ్ లైబ్రరీ దారి ఇంచుమించు ఇదే. 2023లో గో 1.21తో స్టాండర్డ్ లైబ్రరీలోకి వచ్చిన ఎస్‌లాగ్ అనే లాగింగ్ ప్యాకేజీ కూడా మామూలు రకాలను హీప్‌కి పోకుండానే మోస్తుంది. రికార్డులోనే 5 ఫీల్డులకు చోటు ఉంచుకుంటుంది, ఆరోది వస్తేనే స్లైస్ (పొడవు పెరగగల అర్రే) తీస్తుంది. లెక్కకట్టడమే భారమైన విలువలకు ఎస్‌లాగ్‌లో లాగ్‌వాల్యూయర్ ఉంది. లైన్ నిజంగా రాసేటప్పుడే అది విలువను అడుగుతుంది. మీ లైబ్రరీలోనూ అలాంటిది ఒకటి ఉండాలి.

ప్రశ్న: లైన్‌కి మెమరీ కేటాయింపు సున్నాకి రావాలని సింక్.పూల్‌లో (వాడినవాటిని మళ్లీ వాడుకునేందుకు దాచే చోటు) బఫర్లు పెట్టాం. బెంచ్‌మార్క్‌లో ఇంకా ఒకటి మిగిలే ఉంది. పైగా ప్రాసెస్ మెమరీ తగ్గనంటోంది.

జవాబు: రెండూ వేర్వేరు తప్పులు. పూల్‌లో బైట్ స్లైస్‌ని నేరుగా పెట్టి ఉంటారు. పూల్‌కి తిరిగిచ్చే పుట్ ఫంక్షన్ తీసుకునేది ఎనీ. 64 బిట్ల మెషీన్ మీద స్లైస్ హెడరే 24 బైట్లు, దాన్ని ఎనీలో పెట్టాలంటే ఆ హెడర్‌కి హీప్‌లో చోటు కావాలి. తిరిగిచ్చిన ప్రతిసారీ ఒక కేటాయింపు అన్నమాట, పొదుపు చేయబోతే అదో ఖర్చు! స్లైస్‌కి పాయింటర్‌ని పూల్‌లో పెట్టండి, పోతుంది.

ఇక మెమరీ సంగతి. ఎవరో ఒకరు ఎప్పుడో ఒకసారి 5 ఎంబీ రెస్పాన్స్ బాడీని అలాగే లాగ్ చేస్తారు. బఫర్ 5 ఎంబీకి ఉబ్బి పూల్‌లోకి చేరుతుంది. ఆ తర్వాత 200 బైట్ల లైన్ కూడా దాన్నే వాడుకుంటుంది. వాడకం ఆగకుండా ఉన్నంతకాలం గార్బేజ్ కలెక్టర్ దాన్ని ఊడ్చే అవకాశం తక్కువ. తిరిగిచ్చేముందు కెపాసిటీ చూసి, హద్దు దాటితే వదిలేయండి. ఆ హద్దు జీరోలాగ్ అనే ఇంకో లాగింగ్ లైబ్రరీలో 64 కేబీ, ఎస్‌లాగ్‌లో 16 కేబీ. 1 కేబీ బఫర్‌తో మొదలుపెడితే మామూలు లైన్‌కి పెరగాల్సిన అవసరమే రాదు.

బఫర్ నింపేటప్పుడు స్ట్రింగ్‌గా మార్చి అతికించకండి. స్ట్ర్‌కాన్వ్‌లోని అపెండ్‌ఇంట్, అపెండ్‌ఫ్లోట్, టైమ్‌లోని అపెండ్‌ఫార్మాట్ నేరుగా బఫర్ చివరే రాస్తాయి. సున్నా అన్నది ఎప్పటికీ సున్నాగానే ఉండాలంటే కేటాయింపులను లెక్కపెట్టే టెస్టింగ్.అల్లాక్స్‌పర్‌రన్‌తో ఒక టెస్ట్ రాసి పెట్టుకోండి. ఒక్క హెచ్చరిక: రేస్ డిటెక్టర్‌తో (ఒకే మెమరీని ఇద్దరు ఒకేసారి తాకడాన్ని పట్టే సాధనం) నడిపితే ఆ టెస్ట్ ఊరికే ఫెయిలవుతుంది. ఆ మోడ్‌లో పూల్ కావాలనే కొన్ని బఫర్లను పారేస్తుంది. అక్కడ దాన్ని స్కిప్ చేయండి.

ప్రశ్న: రిక్వెస్ట్ ఐడీ ముందే పెట్టి చైల్డ్ లాగర్ (పేరెంట్ లాగర్‌కి కొన్ని ఫీల్డులు కలిపి తీసినది) తయారుచేస్తాం. అప్పుడప్పుడు ఒక రిక్వెస్ట్ లైన్లలో ఇంకొకరి ఐడీ కనబడుతోంది. లోడ్ ఎక్కువున్నప్పుడే ఇలా.

జవాబు: లాగింగ్ లైబ్రరీ రాసేవాళ్లు కనీసం ఒకసారి పడే గుంట ఇది. స్థిరంగా ఉండే ఫీల్డులను ముందే జేసన్‌గా మార్చి బైట్లుగా దాచుకోవడం మంచి ఆలోచనే, ప్రతి లైన్‌కీ ఆ పని తప్పుతుంది. చిక్కంతా ఆ బైట్లకు కొత్త ఫీల్డు కలిపే దగ్గరే.

పేరెంట్ లాగర్ దగ్గర 40 బైట్లు ఉన్నాయనుకోండి, వాటి వెనకున్న అర్రే కెపాసిటీ మాత్రం 64. మొదటి రిక్వెస్ట్ విత్ (చైల్డ్ లాగర్‌ని ఇచ్చే ఫంక్షన్) పిలిచి అపెండ్ చేస్తుంది. ఖాళీ 24 బైట్లు ఉన్నాయి కాబట్టి గో కొత్త అర్రే తీయదు. "రిక్":"ఎ17" అన్న ముక్క 40వ స్థానం నుంచి పడుతుంది. రెండో రిక్వెస్ట్ అదే పేరెంట్ మీద విత్ పిలుస్తుంది. పేరెంట్ పొడవు ఇంకా 40 అనే చెబుతోంది, కాబట్టి "రిక్":"బి92" కూడా సరిగ్గా అక్కడే, ఎ17 నెత్తిన పడుతుంది. ఇద్దరు చైల్డ్ లాగర్లూ ఒకే అర్రేని చూస్తున్నారు. ఇప్పుడు మొదటి రిక్వెస్ట్ లైన్ రాస్తే బి92 అని వస్తుంది. ఇద్దరు ఒకేసారి బతికి ఉండాలి, అర్రేలో ఖాళీ మిగిలి ఉండాలి. ఈ రెండూ కలిసినప్పుడే బయటపడుతుంది కాబట్టి మీకు లోడ్‌లోనే కనబడింది.

విత్ లోపల అపెండ్ చేసేముందు స్లైస్ కెపాసిటీని పొడవు దగ్గరే కత్తిరించండి: బఫ్[:ఎన్:ఎన్]. గో 1.21 నుంచి స్లైసెస్.క్లిప్ అన్నా అదే పని. అప్పుడు అపెండ్ తప్పనిసరిగా కొత్త అర్రేకి కాపీ చేసుకుంటుంది. టెస్ట్‌కి గోరూటీన్లు (గోలో ఏకకాలంలో నడిచే పనులు) కూడా అక్కర్లేదు. ఖాళీ ఉన్న పేరెంట్ నుంచి ఇద్దరు చైల్డ్ లాగర్లను తయారుచేసి, మొదటిదాంతో రాయించి చూస్తే చాలు.

ఇలా ముందే రాసి పెట్టుకునే పద్ధతిలో ఇంకోటి కూడా చూసుకోవాలి. చైల్డ్‌లో ఉన్న కీనే లైన్‌లో మళ్లీ ఇస్తే రెండూ పడతాయి. ఎస్‌లాగ్ జేసన్ హ్యాండ్లర్ (లైన్‌ని రాసే భాగం) గానీ జీరోలాగ్ గానీ దీన్ని ఏరివేయవు. చాలా పార్సర్లు చివరిదాన్ని తీసుకుంటాయి గానీ అన్నీ అలాగే చేస్తాయని నమ్మకం లేదు. ప్రతి లైన్‌కీ ఏరివేత పెట్టడం మాకైతే ఇష్టం లేదు, వేగం పోతుంది. టెస్టుల్లో మాత్రమే పట్టే తనిఖీ పెట్టుకోండి.

ప్రశ్న: లాగ్‌ని చదివే టూల్ కొన్ని లైన్లను "జేసన్ కాదు" అని తిప్పికొడుతోంది. రాసేది సొంత ఎన్‌కోడరే.

జవాబు: డబుల్ కోట్, బ్యాక్‌స్లాష్, 32 కన్నా చిన్న కోడ్ ఉన్న కంట్రోల్ అక్షరాలు: జేసన్ స్ట్రింగ్‌లో వీటిని ఎస్కేప్ చేయాల్సిందే. 256 గళ్ల టేబుల్ ఒకటి పెట్టుకుని, ఎస్కేప్ అక్కర్లేని బైట్లు ఎంతవరకు ఉంటే అంతవరకు ఒకే అపెండ్‌లో పంపండి. ఒక్కో బైట్ చొప్పున పంపితే నత్తనడకే. న్యూలైన్ వదిలేస్తే జేసన్ చెడటం ఒక్కటే కాదు, యూజర్ పేరులో న్యూలైన్ ఇరికించి దొంగ లాగ్ లైన్ పుట్టించవచ్చు.

దశాంశాల్లో నాన్ ("సంఖ్య కాదు" అని చెప్పే విలువ) అన్నదానికీ ఇన్ఫినిటీకీ జేసన్‌లో చోటు లేదు, వాటిని స్ట్రింగ్‌గా రాయండి. 64 బిట్ల ఐడీలనూ అలాగే. జావాస్క్రిప్ట్‌లో నికరంగా నిలిచే పూర్ణసంఖ్య 9007199254740991 వరకే. చివర 993 ఉన్న ఐడీ 992గా కనబడి, వెతికేవాడికి దొరకదు. యూటీఎఫ్-8కి (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) సరిపడని బైట్లను యూ+ఎఫ్ఎఫ్ఎఫ్‌డీ అనే ప్రత్యామ్నాయ అక్షరంతో మార్చండి.

తెలుగు అక్షరాలను మాత్రం ఎస్కేప్ చేయకండి. యూటీఎఫ్-8లో ఒక్కో కోడ్ పాయింట్ 3 బైట్లు, బ్యాక్‌స్లాష్ యూ రూపంలో 6. లాగ్ సైజు రెండింతలు, కంటితో చదవడమూ కుదరదు.

మెసేజ్‌లోని అక్షరాలకు అర్థం వెతికే తెలివి లైబ్రరీకి నేర్పకండి. 2021 డిసెంబరులో జావా లాగింగ్ లైబ్రరీ లాగ్‌4జేలో బయటపడిన లాగ్‌4షెల్ లోపం అక్కడ పుట్టిందే. మెసేజ్‌లో వచ్చిన లుక్అప్‌ని (ఫలానా చోట విలువ వెతుకు అనే సూచనని) లైబ్రరీ తానే అమలు చేయబోయింది. తీవ్రత స్కోరు 10కి 10 ఇచ్చారు.

ప్రశ్న: వేగం కోసం లాగ్‌ని వేరే గోరూటీన్‌కి అప్పగించి బఫర్‌లో రాయడం మంచిదా, అక్కడికక్కడే రాయడం మంచిదా?

జవాబు: డిఫాల్ట్‌గా అక్కడికక్కడే రాయండి. ఎన్‌కోడింగ్ అంతా లాక్ బయట ముగించి, లాక్‌లో ఒకే ఒక్క రైట్ పిలవండి. రైట్ అయిన బైట్లు కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) చేతికి వెళ్లిపోతాయి, ప్రాసెస్ చచ్చినా అవి పోవు. కరెంటు పోతేనో కెర్నలే కూలితేనో ప్రమాదం. మీ బఫర్‌లో కూర్చున్నవాటికి ఆ భరోసా లేదు. ఓఎస్.ఎగ్జిట్ డిఫర్‌లను (ఫంక్షన్ ముగిసేటప్పుడు నడవాల్సినవాటిని) నడపదు, ఇంకో గోరూటీన్‌లో పానిక్ వస్తే మెయిన్‌లోని డిఫర్ నడవదు, ప్రాసెస్‌ని బలవంతంగా చంపే సిగ్‌కిల్‌ని పట్టుకోవడమే కుదరదు. జ్యాప్‌లోని బఫర్డ్ రైటర్ డిఫాల్ట్‌గా 256 కేబీ నిండేదాకా గానీ 30 సెకన్లు గడిచేదాకా గానీ ఆపుకుంటుంది. అంటే క్రాష్‌కి కారణం చెప్పే చివరి లైన్లే పోయే అవకాశం ఉంది.

అయితే అక్కడికక్కడే రాయడంలోనూ ఒక ఉచ్చు ఉంది. స్టాండర్డ్ అవుట్‌పుట్ పైప్‌కి (అవతల ఇంకో ప్రాసెస్ చదివే గొట్టం) పోతుంటే, లినక్స్‌లో ఆ పైప్ పట్టేది డిఫాల్ట్‌గా 65536 బైట్లే. అవతల చదివేవాడు ఆగితే పైప్ నిండి రైట్ ఆగుతుంది. లాక్ చేతిలో ఉండగానే ఆగుతుంది కాబట్టి లాగ్ చేయబోయిన ప్రతి గోరూటీనూ క్యూ కడుతుంది. సర్వర్ బతికే ఉంటుంది, జవాబు మాత్రం ఇవ్వదు.

అది భరించలేనివారు క్యూ పెట్టుకోవచ్చు, కానీ దానికి హద్దు లైన్లలో కాదు, బైట్లలో పెట్టండి. 8192 లైన్ల క్యూ 300 బైట్ల చొప్పున చూస్తే సుమారు 2.4 ఎంబీయే. అవే 64 కేబీ లైన్లైతే 512 ఎంబీ! నిండినప్పుడు డీబగ్, ఇన్ఫో లైన్లను వదిలేసి, ఎన్ని వదిలారో లెక్కపెట్టి, చోటు దొరకగానే ఆ సంఖ్యనే ఒక లైన్‌గా రాయండి. ఎర్రర్ లైన్లను క్యూలో పెట్టకుండా నేరుగా రాసి, ముందున్నవాటిని ఫ్లష్ చేయండి (వెంటనే బయటికి రాసేయండి).

ప్రశ్న: ఒకే ఫైల్‌కి రెండు ప్రాసెస్‌లు రాస్తే లైన్లు కలిసిపోతాయా?

జవాబు: ఫైల్‌ని ఓ_అపెండ్‌తో (ప్రతి రైటూ ఫైల్ చివరే పడేలా) తెరిచి, లైన్‌ని న్యూలైన్‌తో సహా ఒకే రైట్‌లో పంపితే లోకల్ డిస్క్ మీద కలవవు. ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీది ఫైల్ సిస్టమ్) మీద ఆ హామీ లేదు. పైప్ అయితే లినక్స్‌లో 4096 బైట్ల లోపు రైట్‌కే ఆ భద్రత. కంటెయినర్లను నడిపే డాకర్ విషయానికొస్తే 16 కేబీ దాటిన లైన్‌ని ముక్కలు చేస్తుంది, కాబట్టి పొడవాటి ఫీల్డును మీరే కత్తిరించి, కత్తిరించినట్టు ఒక ఫీల్డు పెట్టండి.

ప్రశ్న: ఇంత చేసే బదులు ఎస్‌లాగ్ వాడుకుంటే సరిపోదా?

జవాబు: చాలామందికి సరిపోతుంది. సొంత ఎన్‌కోడర్ కావాలనుకున్నా వాడేవారికి కనిపించే ఫంక్షన్లు కొత్తవి కనిపెట్టకుండా ఎస్‌లాగ్ హ్యాండ్లర్‌గా రాయండి. ఎనేబుల్డ్, హ్యాండిల్, విత్ఆట్ర్స్, విత్‌గ్రూప్ అనే నాలుగు మెథడ్‌లే. సరిగ్గా రాశారో లేదో టెస్టింగ్/ఎస్‌లాగ్‌టెస్ట్ ప్యాకేజీ చెబుతుంది. ఎక్కువగా బోల్తా కొట్టేది ఫీల్డులను ఒక పేరు కింద గుంపుగా పెట్టే విత్‌గ్రూప్ దగ్గర. లోపల ఏ ఫీల్డూ లేని గ్రూప్ అవుట్‌పుట్‌లో కనబడకూడదు. అందుకని విత్‌గ్రూప్ పిలవగానే కర్లీ బ్రాకెట్ తెరిచి బఫర్‌లో రాసేయకండి. గ్రూప్ పేరును పక్కన ఉంచుకుని, దాని కింద మొదటి ఫీల్డు వచ్చినప్పుడే తెరవండి. ఎన్ని తెరిచారో అన్నీ లైన్ చివర మూయడానికి ఒక లెక్క పెట్టుకోండి.