కారు ట్రాకర్‌కు ఏటా చందా కట్టాలా?

మీ కారు రోజంతా డ్రైవర్ చేతిలో, రాత్రంతా వీధిలో ఉంటుందని, ట్రాకర్ పెట్టిస్తే ఏటా చందా కట్టడం దండగేమోనని అడిగారు. కారు ఎక్కడుందో ఫోనులో చూపే ఈ పరికరం పెట్టించండి, డబ్బు దండగ కాదు. పరికరం ఉపగ్రహాల సాయంతో తన స్థానం తెలుసుకున్నా, దాన్ని మీ ఫోనుకు పంపాలంటే లోపలి సిమ్‌కు డేటా కావాలి. చందా ముఖ్యంగా అందుకే. రెండో ఏడాది నుంచి ఎంత కట్టాలో కొనే ముందే రాయించుకోండి.

స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టుకు (మెకానిక్‌లు కారు లోపాలు చూసే సాకెట్) తగిలించే రకం మాత్రం వద్దండీ, దొంగ క్షణంలో పీకేస్తాడు. వైర్లతో లోపల దాచి బిగించేది, సొంత బ్యాటరీ ఉన్నది తీసుకోండి. వైర్లు కోస్తే వారంటీకి చిక్కు రావచ్చు, షోరూంలో ముందే అడగండి. బీమా ప్రీమియం తగ్గుతుందని అమ్మేవారు అంటే, ఆ పరికరానికి ఏఆర్‌ఏఐ (వాహనాలను పరీక్షించే సంస్థ) ఇచ్చిన ఆమోదపత్రం చూపమనండి. డ్రైవర్‌కు చెప్పే పెట్టించండి, చాటుగా పెట్టడం న్యాయం కాదు.

మీది కొత్త కారైతే కంపెనీ ఇచ్చిన కనెక్టెడ్ సేవ (కారు ఎక్కడుందో ఫోనులో చూపేది) ఇంకా అమల్లో ఉందేమో చూడండి. ఉంటే వేరే ట్రాకర్ అక్కర్లేదు.