మోకాళ్ళలో గుజ్జు అరిగిపోతే నడవడం మానేయాలా?

కనిగిరి నుంచి ఒకరి ప్రశ్న: అమ్మకి 58 ఏళ్ళు, మోకాళ్ళలో గుజ్జు అరిగిందన్నారు, నడక మాన్పించాలా అని. మాన్పించకండి.

మనం గుజ్జు అనేది నిజానికి గుజ్జు కాదు. ఎముకల కొసలకి అంటుకుని, తెల్లగా నున్నగా ఉండే మృదులాస్థి పొర. మందం కొన్ని మిల్లీమీటర్లే. దానికి రక్తనాళాలు లేవు. అడుగేసినప్పుడు స్పాంజిలా నొక్కుకుని, కాలెత్తగానే కీలులోని జిగట ద్రవాన్ని పీల్చుకుంటుంది. దాని తిండి అదే! కదలకపోతే కీలు పస్తుంటుంది. రక్తం అందదు కనుకే దెబ్బతింటే మళ్ళీ సరిగా పెరగదు.

వయసు, పాత దెబ్బలు, కలుపు తీస్తూ గంటలకొద్దీ గొంతుక్కూర్చోవడం, అన్నీ అరగదీసేవే. మన చేతిలో ఉన్నవాటిలో పెద్దది ఒంటి బరువు. ఒక్క కిలో తగ్గితే అడుగడుగునా మోకాలికి సుమారు 4 కిలోల భారం తగ్గుతుంది.

మీ వైపు ఇంకోటి కూడా చూడాలి, బోరు నీళ్ళలో ఫ్లోరైడ్. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో (కనిగిరి అప్పుడు అందులోనే ఉండేది) ఫ్లోరోసిస్‌ని, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బుని, వైద్యులు నమోదు చేశారు. అది అరుగుదల కాదు, ఎముకలు గట్టిపడి కీళ్ళు బిగుసుకుపోవడం. అమ్మకి నడుము, మెడ కూడా వంగడం కష్టమవుతుంటే డాక్టరుకి ఆ మాట చెప్పండి, నీళ్ళు పరీక్ష చేయించండి. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగనివ్వద్దు.