కొండ ఊటకు కాపలా: ఎంత ఇవ్వాలి, ఎలా రాసుకోవాలి?

ప్రశ్న: మాది శృంగవరపుకోట దగ్గర కొండ కింద ఊరు, వంద గడప. కొండ మీది ఊట నుంచి పైపు వేసుకుని తాగునీరు తెచ్చుకుంటున్నాం. మార్చి దాటితే ధార సన్నబడిపోతోంది. ఊట పైభాగంలో పోడు కొట్టకుండా, నిప్పు పెట్టకుండా చూస్తే కొండ మీది గూడెం వాళ్లకు ఏటా కొంత సొమ్ము ఇద్దామంటున్నారు. ఇది కుదిరే పనేనా?

జవాబు: కుదురుతుంది. హిమాచల్‌లో పాలంపూర్ పురపాలక సంఘం బోహల్ ఊట అడవిని కాపాడే గ్రామస్తుల సంఘానికి ఏటా 10,000 రూపాయలు ఇచ్చేలా 2010లో ఒప్పందం రాసుకుంది.

డబ్బు మాట ఎత్తేముందు నీళ్లు కొలవండి. ఊట దగ్గర బంకమట్టితో చిన్న కట్ట వేసి, నీరంతా ఒక్క గొట్టం గుండా వచ్చేలా చేయండి. కట్ట కింద నుంచి నీరు జారిపోతే లెక్క తప్పుతుంది. 10 లీటర్ల బకెట్ 40 సెకన్లలో నిండితే నిమిషానికి 15 లీటర్లు, రోజుకు 21,600 లీటర్లు. మనిషికి 55 లీటర్ల చొప్పున దాదాపు 390 మందికి సరిపోతాయి. అదే రోజు ఊళ్లో ట్యాంకు దగ్గర కూడా కొలవండి. అక్కడ బాగా తగ్గితే లోపం కొండలో లేదు, పైపులో ఉంది. ముందు అతుకులు బాగు చేయించండి.

ఎంత ఇవ్వాలో మీరే తేల్చేసి పైకి వెళ్లకండి. ఊట పైనున్న ఆ నేలలో చోళ్లు, కందులు, కొండచీపుళ్ల మీద ఖర్చులు పోను ఏం మిగులుతుందో గూడెం వాళ్లనే అడగండి. దానికి తగ్గితే ఒప్పందం ఒక్క ఏడాది కూడా నిలవదు. ఇంటికి నెలకు 20 రూపాయలైతే మీకు ఏటా 24,000 పోగవుతుంది. అది చాలకపోతే కాపాడే నేల విస్తీర్ణం తగ్గించుకోండి, రేటు మాత్రం తగ్గించకండి. ఆ ఊట నీళ్లకు గూడెంలోనూ ఒక కుళాయి ఉండాలి. కాపలా కాసేవాళ్లు బిందెలు మోసుకుంటూ ఉంటే ఏ కాగితమూ పనిచేయదు.

ఊటలో నీరు పెరిగితేనే డబ్బు అని మాత్రం రాయకండి. వాన పడకపోతే వాళ్ల తప్పేముంది? కంటికి కనిపించే పనులకే కట్టండి: ఫిబ్రవరిలోగా ఎండుగడ్డి చెక్కి ఫైర్ లైన్ (నిప్పు దాటకుండా ఖాళీ నేల పట్టీ) తీయడం, తొలకరి దాకా కాపలా, కొత్త పోడు లేకపోవడం. సొమ్ములో సగం ఫైర్ లైన్ చూశాక, మిగతా సగం జూన్‌లో ఇవ్వండి. ఒక్క పెద్దమనిషి చేతికి కాకుండా గూడెం వాళ్ల సంఘం ఖాతాలో వేసి, లెక్క గ్రామసభలో చదివించండి. పరీవాహక ప్రాంతాన్ని, నీటి వనరులను కాపాడే అధికారం 2006 అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ గ్రామసభకు ఇచ్చింది. నేల అటవీ శాఖదైతే వాళ్లనూ కూర్చోబెట్టుకోండి.

ప్రశ్న: అదే కొండ మీద కందకాలు తవ్వి, నీలగిరి చెట్లు వేద్దామా?

జవాబు: నీలగిరి వద్దు, అది వేగంగా పెరుగుతూ నీళ్లు తాగేస్తుంది. నరక్కుండా, కాల్చకుండా వదిలితే పాత మొదళ్లే చిగురిస్తాయి. కందకం 3 మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు ఉంటే ఒక్కసారికి 750 లీటర్లు పట్టుకుంటుంది. మట్టి కింది వైపే పోయాలి, పైన పోస్తే తొలి వానకే పూడిపోతుంది. అడుగు మట్టంగా లేకపోతే నీరంతా ఒక మూలకు చేరి గట్టు తెంపుతుంది, కింద గండి పడుతుంది. నిటారు వాలు మీద, సరిగ్గా ఊట నెత్తిన తవ్వకండి. వాన ఇంకే చోటు కాస్త పైన, ఒక్కోసారి రాతి పొరల వాలును బట్టి కొండకు అవతలి పక్కన కూడా ఉండొచ్చు.