ఇటలీ వెళ్తున్న మేనకోడలికి

చి. బుజ్జికి, అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్లాన్ మీ మావయ్యా నేనూ రెండుసార్లు చదివాం. పదకొండు రోజుల్లో పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, జ్యూరిక్, వెనిస్, ఫ్లోరెన్స్, రోమ్. నువ్వొక్కదానివే వెళ్తుంటే నోరు మూసుకుని ఊరుకునేదాన్ని. కానీ మీ అమ్మానాన్నల్నీ వెంట తీసుకెళ్తున్నావు. అన్నయ్యకి షుగరు, వదినకి మోకాళ్ళు. రెండ్రోజులకోసారి పెట్టెలు సర్దుకుని స్టేషన్లంట పరిగెత్తే వయసా వాళ్ళది?

మొదటిసారి గ్రూప్ టూర్‌లో వెళ్ళినప్పుడు మేం చేసిందదే. తొమ్మిది రోజులు, ఐదు దేశాలు. పొద్దున్న ఆరింటికి బస్సు, రాత్రికి పప్పన్నం. పప్పన్నం బాగానే ఉండేదిలే, అబద్ధం ఎందుకు. కానీ ఏ చర్చి ఏ ఊళ్ళో చూశామో ఇప్పటికీ మా ఇద్దరికీ తగువే. రెండోసారి ఇద్దరమే, ఒక్క ఇటలీకే వెళ్ళాం. అందుకే చెప్తున్నా, పై మూడు ఊళ్ళూ కొట్టేయ్. రోమ్‌లో ఐదు రాత్రులు, ఫ్లోరెన్స్‌లో మూడు, వెనిస్‌లో రెండు. రోమ్‌లో దిగి వెనిస్‌లో విమానం ఎక్కేలా టికెట్లు చూడు, వెనక్కి రావడానికి ఒక రోజు పాడవదు. ఆగస్టు మాత్రం వద్దు. ఎండ మన రెంటచింతలను గుర్తు చేస్తుంది, పైగా 15న వాళ్ళకి పెద్ద సెలవు, ఆ చుట్టుపక్కల చాలా చిన్న హోటళ్ళు తాళాలేసుకుని పోతాయి. సెప్టెంబరు చివర్లో వెళ్ళండి.

వీసాకి ఆర్నెల్ల ముందు నుంచే అప్లై చేసుకోవచ్చు. ఎక్కువ రాత్రులు ఎక్కడుంటే ఆ దేశానికే పెట్టాలి కాబట్టి, ఇప్పుడు ఇటలీ ఒక్కటే అయ్యేసరికి నీకా తలనొప్పీ లేదు. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. పెద్దవాళ్ళు కదా, చౌకదని చూడకు, బీపీ షుగర్లు ముందే ఉన్నాయని రాయించి తీసుకో. అన్నయ్య మందులు, చీటీ చేతిసంచిలోనే ఉండాలి.

ఇంకో సంగతి, పేర్లు. మనకి ఇంటిపేరు ఒక అక్షరంగా రాసుకునే అలవాటు. రోమ్‌లోని పాత గోదా కొలోసియం టికెట్ల మీద పేర్లు అచ్చేస్తారు, గేటు దగ్గర పాస్‌పోర్టుతో పోల్చి చూస్తారు. పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే, అక్షరం పొల్లు పోకుండా కొట్టు. ఆ టికెట్లు 30 రోజుల ముందు అమ్మకానికి పెడతారు, మంచి టైములు త్వరగా అయిపోతాయి. లోపల లిఫ్ట్ ఉంది, వదిన మెట్లెక్కక్కర్లేదు. వాటికన్ మ్యూజియంలో మాత్రం నడక చాలా ఎక్కువ. అక్కడ వీల్‌చైర్ అడిగితే ఊరికే ఇస్తారు. వదిన ఒప్పుకోదనుకో, అయినా అడుగు. భుజాలు, మోకాళ్ళు కప్పుకోకపోతే అక్కడి పెద్ద చర్చి సెయింట్ పీటర్స్‌లోకి రానివ్వరు. చీర కట్టుకున్న వదినకి ఇబ్బంది లేదు, నీ స్లీవ్‌లెస్ టాపుల మీదకి ఒక చున్నీ పెట్టుకో. ఆదివారాలు ఆ మ్యూజియం మూసేస్తారు. నెలాఖరు ఆదివారం తెరిచి ఉచితమంటారు కానీ, ఆ రోజు తొక్కిసలాటే.

విమానాశ్రయం నుంచి రోమ్‌కి రైలు ఉంది, మనిషికి 14 యూరోలు, అరగంట. అయినా మీరు ముగ్గురు, పెట్టెలతో. పాత ఊళ్ళోకి టాక్సీ ఫిక్స్‌డ్ రేటు 55 యూరోలు. టాక్సీయే ఎక్కండి, తెల్ల కారు, మీద టాక్సీ అని బోర్డు ఉన్నదే. లోపలే ఎవరైనా ఎదురొచ్చి "టాక్సీ టాక్సీ" అంటే పలక్కండి.

రోమ్‌లో నీళ్ళ సీసాలు కొనకండి. వీధుల్లో ఏ అలంకారమూ లేని ఇనప కుళాయి స్తంభాలుంటాయి, ఊరంతా కలిపి రెండున్నర వేల దాకా. వంగిన గొట్టాన్ని చూసి వాళ్ళు "పెద్ద ముక్కు" అని పేరు పెట్టారు, నసోనె అని. 1874 నుంచీ ఉన్నాయి. కట్టేదంటూ ఉండదు, నీళ్ళు పోతూనే ఉంటాయి. వంగి తాగడానికి నడుం పట్టేస్తుందని మావయ్య విసుక్కుంటుంటే పక్కనున్న ముసలావిడ వచ్చి గొట్టం చివర వేలు అడ్డం పెట్టింది. గొట్టం పైన చిన్న చిల్లు ఉంది, దాన్లోంచి నీళ్ళు చిమ్మనగ్రోవిలా పైకి లేచాయి. చొక్కా తడిసిందిగానీ ఆ చల్లదనం మన బావినీళ్ళే. వదినకి అది చూపించు, వంగే పని తప్పుతుంది.

తిండి దగ్గరే నీకు అసలు పరీక్ష. అక్కడ మధ్యాహ్నం రెండున్నరకి చాలాచోట్ల వంటిల్లు మూసేస్తారు, మళ్ళీ రాత్రి ఏడు దాటితేగానీ తెరవరు. అన్నయ్యకి ఆ మధ్యలో షుగర్ పడిపోతే కష్టం. సంచిలో ఎప్పుడూ ఏదో ఒకటి ఉంచు. "బార్" అని కనబడితే నాన్నని లోపలికి తీసుకెళ్ళు. ఉలిక్కిపడతాడు, కానీ అది కాఫీకొట్టు, బన్నులూ శాండ్‌విచ్‌లూ దొరుకుతాయి. నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే ఇంకో ధర. "లాటే" అని అడక్కు, గ్లాసుడు పాలు తెచ్చిపెడతారు. కాపుచినో అను. బిల్లులో "కొపెర్తో" అని మనిషికింత వేస్తే మోసమని గొడవ పడకు, అది విస్తరి ఖర్చులాంటిది.

వదిన గుడ్డు కూడా ముట్టదు కదా. "సెంత్సా కార్నె, సెంత్సా పెషె, సెంత్సా ఉవోవ" అని నేర్చుకో. మాంసం లేకుండా, చేప లేకుండా, గుడ్డు లేకుండా అని. చేత్తో అప్పటికప్పుడు చేసిన పాస్తాలో సాధారణంగా గుడ్డు ఉంటుంది, ప్యాకెట్‌లో వచ్చే ఎండు పాస్తాలో చాలావరకు ఉండదు. తిరామిసు వద్దు, పచ్చిగుడ్డు. కూరగాయల సూప్ అన్నా దాన్లో పందిమాంసం ముక్కలు వేసేస్తుంటారు, అడిగి తీరాలి. ఇక చీజు. పార్మెజాన్, పెకొరినో లాంటివి చేయడానికి పాలు విరవాలి కదా, దానికి వాడేది దూడ కడుపులోంచో గొర్రెపిల్ల కడుపులోంచో తీసింది. మాకు మొదటి ట్రిప్‌లో ఎవరూ చెప్పలేదు, హాయిగా తిన్నాం. వదినకి ఇది ముందే చెప్పు. తర్వాత తెలిస్తే నిన్నూ నన్నూ కలిపి తిడుతుంది. ఆవిడకి పనికొచ్చేది మరినారా పిజ్జా. పేరు వింటే సముద్రం వాసన వస్తుందిగానీ, అసలైన దాన్లో చేపలూ లేవు, చీజూ లేదు. టమాటా, వెల్లుల్లి, వాము వాసనలాంటి ఒరెగానో ఆకు, అంతే. మీద మన కారప్పొడి చల్లుకుంటే నేను ఇప్పుడైనా తింటాను.

కారప్పొడి, పచ్చళ్ళు పట్టుకెళ్ళు. నెయ్యి, పాలకోవా, పెరుగన్నం లాంటివి కారప్పొడి పొట్లాల మాటున దాచి పెట్టకు, పాలతో చేసినవి వాళ్ళు రానివ్వరు. కరివేపాకూ, మామిడిపళ్ళూ అంతే.

రైళ్ళు. రోమ్ నుంచి ఫ్లోరెన్స్ గంటన్నర, అక్కడి నుంచి వెనిస్ రెండు గంటల పైచిలుకు. వీటికి సీటు నంబరుతో ఫాస్ట్ రైళ్ళు ముందే కొంటే చాలా చౌక. లోకల్ రైళ్ళకి కాగితం టికెట్ కొంటే మాత్రం ఎక్కేముందు ప్లాట్‌ఫారం దగ్గరున్న మిషన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి. మాకది తెలియక పీసా వెళ్తూ ఫైన్ కట్టాం. మావయ్య "టికెట్ కొన్నాను కదయ్యా" అని తెలుగులో వాదించాడు, రశీదు ఇటాలియన్‌లో ఇచ్చారు.

ఫ్లోరెన్స్‌లో ఉఫిజీ మ్యూజియం, డేవిడ్ విగ్రహం ఉన్న అకాడెమియా రెండూ సోమవారం సెలవు. ఆ ఊరి పెద్ద చర్చి గుమ్మటం ఎక్కాలంటే 463 మెట్లు, లిఫ్ట్ లేదు. నువ్వెక్కు, వాళ్ళని కింద బెంచీ మీద ఐస్‌క్రీమ్‌తో కూర్చోబెట్టు.

వెనిస్ టికెట్ "సాంతా లూచియా" స్టేషన్‌కి కొను. "మెస్త్రె" అంటే ఇవతలి ఒడ్డే, అక్కడ గదులు చౌక. అయినా ఈసారికి డబ్బులు చూడకు, ద్వీపంలోనే ఉండు. పగటిజనం సాయంత్రానికి వెళ్ళిపోతారు, ఊరు అప్పుడు బాగుంటుంది. గది స్టేషన్‌కి దగ్గర్లో, మధ్యలో వంతెన లేకుండా చూడు. అక్కడ దాదాపు ప్రతి వంతెనా మెట్లే, పెట్టె మోసేది నువ్వే. పగలు వచ్చిపోయేవాళ్ళకి కొన్ని రోజుల్లో 2024 నుంచి ప్రవేశ రుసుము పెట్టారు, రాత్రి ఉండేవాళ్ళకి లేదు. 1 నంబరు పడవబస్సు ఎక్కి పెద్ద కాలువ పొడుగునా కూర్చుంటే చాలు, ఇళ్ళన్నీ నీళ్ళలోంచి మొలిచినట్టు వరసగా వస్తాయి. గొండోలా అరగంటకి 90 యూరోలు, అది పడవకి, మనిషికి కాదు. అంత ఎందుకనుకుంటే కాలువ దాటించే గొండోలా ఉంటుంది, 2 యూరోలు, రెండు నిమిషాలు. ఫోటోలో తేడా తెలియదు.

కార్డు గీసేటప్పుడు మిషన్ రూపాయలా యూరోలా అని అడిగితే యూరోలే నొక్కు, లేకపోతే మారకం రేటులో కోత. ఎవరైనా చేతికి దారం కడతామనో, సంతకం పెట్టమనో వస్తే ఆగకండి. ఒకడు మాట్లాడుతుంటే ఇంకొకడు జేబు చూస్తాడు. ఏదైనా అయితే 112కి ఫోన్ చెయ్యండి.

ప్లాస్టిక్ మగ్గు సర్దకండి. ఇళ్ళల్లో బిడే, అంటే కడుక్కునే తొట్టి, ఉండి తీరాలని అక్కడ 1975 నుంచి చట్టం. ఈ ఒక్క విషయంలో నాకు ఇటలీ మీద గౌరవం ఎక్కువ.

రోమ్‌లో హోటల్ కాకుండా వంటిల్లున్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే నా చిన్న రైస్ కుక్కర్ పట్టుకెళ్ళు. అటక మీదుంది, ఆదివారం నాన్నని పంపిస్తే దింపి ఇస్తాను. మన లావు పిన్ను అక్కడి గోడలో దూరదు. అడాప్టర్ కుక్కర్ గిన్నెలోనే పాత బట్టలో చుట్టి పెట్టాను, తెలియక పారేసేరు.

మీ అత్తయ్య