పాత బ్యాగులు కుమ్మరించాకే దుకాణానికి బయలుదేరండి

ఇద్దరు పిల్లలకు ఒకేసారి నోటుపుస్తకాలు, బ్యాగులు, బూట్లు కొనాలంటే గుండె గుభేలుమంటోందని, ఖర్చు తగ్గే దారి చెప్పమని ఒకరు నన్ను అడిగారు. మా ఇంట్లోనూ ఇద్దరే. మొదట్లో బడివాళ్లిచ్చిన జాబితా పట్టుకుని నేరుగా దుకాణానికి పరుగెత్తేదాన్ని. ఇప్పుడు ముందుగా పాత బ్యాగులు, బల్ల సొరుగులు నేల మీద కుమ్మరిస్తాను. కిందటేడు అలా 17 పెన్సిళ్లు, 3 స్కేళ్లు, ఒక జామెట్రీ పెట్టె దొరికాయి. సగం కూడా నిండని నోటుపుస్తకాలైతే ఆరు. వాటి పిన్నులు విప్పి, రాయని జోడు కాగితాలు వేరుచేసి, దబ్బనంతో మడత మీద మూడు కన్నాలు పొడిచి లావు దారంతో కుట్టాను. రెండు రఫ్ పుస్తకాలు తయారయ్యాయి. పెద్దవాడు అర్ధ సంవత్సరం పరీక్షల దాకా లెక్కలన్నీ వాటిలోనే చేసుకున్నాడు.

ఇక కొనక తప్పనివి. నోటుపుస్తకం ధర చూసి మోసపోకండి, పేజీల సంఖ్యతో భాగించి చూడండి. చవకగా కనిపించేదానిలో చాలాసార్లు పేజీలే తక్కువ. అట్ట మీద జీఎస్ఎం అని ఉంటే అది చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే అంకె. పెన్సిలుతో రాసే చిన్నవాళ్లకు పలచని కాగితం చాలు. ఇంకు పెన్ను వాడేవాళ్లకు 70 దగ్గర ఉన్నది తీసుకోండి, లేకపోతే సిరా అవతలి పక్కకు దిగి ఒకవైపే రాయాల్సి వస్తుంది. ఇరుగుపొరుగు ఇద్దరు ముగ్గురు కలిసి డజన్ల లెక్కన టోకు దుకాణంలో తీసుకుంటే బాగా కలిసివస్తుంది.

బ్యాగు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. బొమ్మ చూసి మా పాప ముచ్చటపడితే ఒకసారి చవక బ్యాగు కొన్నాను. మూడో నెలలోనే భుజం పట్టీ కుట్టు ఊడి, పుస్తకాలు వానలో పడ్డాయి. పాప ఏడుస్తూ ఇంటికొచ్చింది. అప్పటి నుంచి పట్టీ బ్యాగుకు అతికే చోట కుట్టు రెండు మూడు వరసలు ఉందో లేదో వేలితో లాగి చూస్తాను, జిప్పు పదిసార్లు తీసి వేస్తాను. ఖాళీ బ్యాగే బరువుగా ఉంటే వదిలేయండి. పుస్తకాలతో కలిపి బిడ్డ బరువులో 10 శాతం దాటకపోతే మంచిది.

బూట్లు వచ్చే ఏడాదికీ వస్తాయని మరీ పెద్దవి కొనకండి, మడమలు ఒరుసుకుని బొబ్బలెక్కుతాయి. బొటనవేలి ముందు ఒక వేలి వెడల్పు ఖాళీ చాలు. పాఠ్యపుస్తకాలు పై తరగతి పిల్లల దగ్గర తీసుకోవచ్చు, కానీ సిలబస్ మారిందేమో ముందే కనుక్కోండి.

అన్నీ మొదటి రోజుకే అక్కర్లేదు. మొదటి వారానికి ఏవి కావాలో టీచరును అడిగి అవే కొనండి. రద్దీ తగ్గాక మిగిలిన సరుకును దుకాణదారులు తగ్గించి ఇస్తారు. అప్పటికీ భారమనిపిస్తే ఆ మాట టీచరుతో విడిగా చెప్పండి. మాకు చేతిలో డబ్బు ఆడని ఏడాది నేనూ చెప్పాను. వారం తిరగకుండా పెద్దవాడి పాఠ్యపుస్తకాలన్నీ అట్టలు వేసి మరీ ఇచ్చారు.