సమాధానం: ‘పోయారా’ అని అడిగితే ఎందుకు బాధపడ్డారు?

మీరు అడగాలనుకున్నది అవతలివాళ్ల నాన్నగారు ఆఫీసుకు బయలుదేరారా అని. కానీ ‘మీ నాన్నగారు పోయారా?’ అని మెసేజ్ పెట్టారు. చిక్కల్లా ఎక్కడికో చెప్పకపోవడంలో ఉంది. మనిషి గురించి ఊరూ చోటూ లేకుండా ఒట్టి ‘పోయారు’ అంటే చనిపోయారనే అర్థం. ‘ఆఫీసుకు పోయారా?’ అని ఉంటే ఆ భయం ఉండేది కాదు. కోస్తా వాళ్లతో మాట్లాడేటప్పుడు ‘వెళ్లారా?’ అనండి, మర్యాదగా ఉంటుంది. తెలంగాణ, రాయలసీమల్లో మాత్రం ‘పోవు’ రోజూ వాడే మామూలు మాట. ‘బడికి పోయిండు’, ‘పోదాం పా’ అంటే అందులో మోటుతనం ఏమీ లేదు, దాన్ని తప్పుపట్టకండి.

వస్తువుల విషయంలో అర్థం మళ్లీ మారుతుంది. పర్సు పోయింది అంటే కనబడటం లేదని, కరెంటు పోయింది అంటే ఆగిందని.

అసలు జాగ్రత్త పడాల్సింది ‘పో’ ఇంకో క్రియ పక్కన చేరినప్పుడు. ‘పడిపోయాడు’ అంటే పడటం అయిపోయింది. ‘పడబోయాడు’ అంటే పడేవాడే, కానీ ఆగాడు. ‘పడి’ తర్వాత ‘పో’ అలాగే ఉంటే పని పూర్తయినట్టు. ‘పడ’ తర్వాత అది ‘బో’ అయితే ఇంకా జరగనట్టు. ‘రాలేకపోయాడు’లో అయితే వెళ్లడమన్న అర్థమే లేదు, రావడం కుదరలేదని మాత్రమే.

ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు ‘వెళ్తున్నా’ అనకుండా ‘వెళ్లొస్తా’ అనండి. పెద్దవాళ్లు తిరిగి వస్తానన్న ఆ మాట కోసమే చూస్తారు.