రెండో రైఫిల్ కొనేముందు ఇది చదువు చిన్నా

చిన్నా,

నీ మెసేజ్ చూశా. ఏఆర్-15 రైఫిల్ ఒకటి ఉంది కదా, బ్యాకప్‌గా సగానికి మడిచి బ్యాగులో పెట్టుకునే 9 ఎంఎం కార్బైన్ (పిస్టల్ తూటాలు వేసే పొట్టి రైఫిల్) తీసుకుందామనుకుంటున్నా ఏమంటావ్ బాబాయ్ అన్నావు. నా మాట అడిగితే వద్దురా. బ్యాకప్పే కావాలంటే నీ దగ్గరున్నదే ఇంకోటి తీసుకో. అదే 5.56 తూటా, అదే 16 అంగుళాల బ్యారెల్, అవే మ్యాగజైన్లు, సేఫ్టీ అక్కడే, బోల్ట్ (బ్యారెల్ వెనక తూటాని లోపలికి తోసి మూసే ముక్క) రిలీజ్ బటన్ అక్కడే ఉండాలి.

ఎందుకంటున్నానంటే, నువ్వు రైఫిల్ వాడేది శనాదివారాలు ఆ తెలిసినాయన పొలంలో అడవిపందులకి, మిగతా రోజుల్లో రేంజ్‌లో. టెక్సాస్‌లో 2019 నుంచి ప్రైవేట్ భూమిలో ఓనర్ పర్మిషన్ ఉంటే పందులకి లైసెన్స్ కూడా అక్కర్లేదు కాబట్టి అందరూ దిగిపోతున్నారు, కానీ పెద్ద పంది 9 ఎంఎంకి సరిగ్గా పడదు, దెబ్బతిని పొదల్లోకి పోయి రాత్రంతా యాతన పడుతుంది, అది మనకి పాపం కూడా. పైగా రాత్రిపూట మొదటిది ఆగిపోయింది, రెండోది చేతిలోకి తీసుకున్నావు, అప్పుడు సేఫ్టీ ఎటు నొక్కాలి, ఈ మ్యాగజైన్ దీనికి పడుతుందా అని ఆలోచించుకుంటూ నిలబడితే ఇంక అది బ్యాకప్ ఎలా అవుతుంది? కాంపాక్ట్ కావాలన్నావు, ఏఆర్‌కి స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) లోపలికి తోసేస్తే 32, 33 అంగుళాలకి వస్తుంది, ట్రక్కులో వెనక సీటు కింద పెట్టడానికి చాలు. 9 ఎంఎం మీద మనసుంటే తర్వాత సరదాకి కొనుక్కో, నేనేం కాదనను.

ఇంకా పొట్టిది కావాలని మాత్రం బ్యారెల్ జోలికి పోకు. 16 అంగుళాల కంటే తక్కువ బ్యారెల్ ఉన్నా, మొత్తం పొడవు 26 కంటే తగ్గినా అది షార్ట్ బ్యారెల్ రైఫిల్ అవుతుంది, 1934 నాటి ఫెడరల్ చట్టం కిందకి వస్తుంది, ముందే ఏటీఎఫ్ (తుపాకుల సంగతి చూసే ఫెడరల్ సంస్థ) దగ్గర అప్రూవల్ ఉండాలి. గన్‌షోలో ఎవరో ఒకడు ఈ చిన్న అప్పర్ (బ్యారెల్ ఉండే పై సగం) తగిలించేయ్, ఎవరు చూస్తారు అంటాడు, వాడికేం పోయింది, ఫెలనీ కేసు, అంటే పెద్ద నేరం, పడేది నీకు. గ్రీన్‌కార్డ్ మీద ఉన్నవాడివి, కేసైతే జైలుతో ఆగదు, ఇమిగ్రేషన్ కూడా పోతుంది.

అసలు రెండోది కొనే ముందు మొదటిదానికి విడిభాగాలు కొన్నావా? బోల్ట్, ఎక్స్‌ట్రాక్టర్ స్ప్రింగ్, గ్యాస్ రింగులు, ఫైరింగ్ పిన్, క్యామ్ పిన్, ఇవన్నీ ఒక చిన్న డబ్బాలో పట్టేస్తాయి. ఏఆర్‌లో ముందు అరిగేవి ఇవే. ఈ ఆదివారం ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీయో కాదో కంటితో చూసి, వేలితో తడిమి, బోల్ట్ క్యారియర్ (బోల్ట్‌ని మోసే ముక్క) బయటికి తీయి. బోల్ట్‌ని ముందుకి లాగి, దాని మొహం మీద క్యారియర్‌ని నిలువుగా టేబుల్ మీద పెట్టు. బరువుకి క్యారియర్ కిందికి జారిపోయిందంటే గ్యాస్ రింగులు అరిగినట్టు, నిలబడితే బాగున్నట్టు. అలాగే బోల్ట్ చుట్టూ పళ్ళు ఉంటాయి కదా, వాటి మొదట్లో, క్యామ్ పిన్ కన్నం దగ్గర సన్నగా వెంట్రుక లాంటి పగుళ్లు ఉన్నాయేమో టార్చ్ వేసి చూడు. సెకండ్ హ్యాండ్‌లో కొంటే కూడా ఇదే చూడాలి, పైన పెయింట్ ఎంత మెరుస్తోందో చూసి లాభం లేదు. క్యారియర్ మీద గ్యాస్ కీ (గ్యాస్ లోపలికి వచ్చే చిన్న గొట్టం) స్క్రూలు లోహంతో గట్టిగా నొక్కి ఉండాలి, అవి వదులైతే రైఫిల్ సరిగ్గా సైకిల్ అవదు, అంటే తర్వాతి తూటా తనంతట ఎక్కదు.

బ్యారెల్ మీద ఏం చెక్కి ఉందో కూడా చదువు. 5.56 అని ఉంటే .223 అనే తూటాలు కూడా వేసుకోవచ్చు. .223 అని మాత్రమే ఉంటే 5.56 వేయకు, ప్రెషర్ ఎక్కువైపోతుంది. రెండూ ఒకటే అంటారు చాలామంది, బయటికి ఒకేలా ఉంటాయి కాబట్టి.

కొన్నాక పెట్టెలోంచి తీసి నేరుగా సేఫ్‌లో పెట్టేసి బ్యాకప్ ఉంది అనుకునేవాళ్ళని చాలామందిని చూశాను. నువ్వు వాడే తూటాలతోనే కనీసం ఓ రెండు మూడొందల రౌండ్లు కాల్చు, దానికి వేరే రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపే అద్దం) పెట్టి విడిగా జీరో చెయ్యి, అంటే గురి పెట్టినచోటే తూటా పడేలా సరిచెయ్యి, మొదటిది 50 గజాలకి చేసి ఉంటే దీన్నీ 50కే చెయ్యి. మ్యాగజైన్లకి పెయింట్ పెన్‌తో నంబర్లు వేస్కో, ఏదైనా ఒక నంబర్ పదేపదే ఇరుక్కుంటుంటే రైఫిల్‌ని తిట్టకుండా ఆ మ్యాగజైన్ పారెయ్. రైఫిల్ ఆరేడొందల డాలర్లకి వస్తుంది గానీ ఆప్టిక్, స్లింగ్, మ్యాగజైన్లు, తూటాలు కలిపితే ఇంకో అంత అవుతుంది, ఆ డబ్బు ఇప్పుడు లేకపోతే ఆర్నెల్లు ఆగు, కొంపలేం మునిగిపోవు.

కాగితాల సంగతి. మళ్ళీ ఫారం 4473 (డీలర్ దగ్గర తుపాకీ కొనేటప్పుడు నింపే ఫెడరల్ కాగితం) నింపాలి, డ్రైవింగ్ లైసెన్స్ మీద పాత అపార్ట్‌మెంట్ అడ్రస్ ఉంటే ముందు అది మార్పించు. అందులో గంజాయి వాడతావా అన్న ప్రశ్నకి మా స్టేట్‌లో లీగల్ అని చెప్తే కుదరదు, ఫెడరల్ చట్టమే లెక్క. ఇంకోటి, టెక్సాస్‌లో అయిదు పని దినాల్లో రెండు సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళు కొంటే డీలర్ ఏటీఎఫ్‌కి రిపోర్ట్ పంపాలి, నువ్వు తప్పు చేసినట్టు కాదు, మా బావ కూడా కొంటాడు ఒకేసారి తీసుకుందాం అని ఇద్దరివీ నీ పేరు మీద రాయించావా, అది మాత్రం తప్పే. ఇంకొకళ్ళ డబ్బుతో ఇంకొకళ్ళ కోసం కొంటూ నాకే అని సంతకం పెట్టడం నేరం. 2014లో అబ్రామ్‌స్కీ కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది, ఆ కేసులో గన్ కొనిపించుకున్న అబ్రామ్‌స్కీ అంకుల్‌కి గన్ కొనుక్కునే అర్హత ఉన్నా సరే తప్పే అంది. హెచ్-1బీ మీదున్న ఫ్రెండ్స్ అడిగితే మొహమాటపడకు, వాళ్ళకి మామూలుగా తుపాకీ దగ్గర పెట్టుకునే హక్కే లేదు, హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది గానీ అది వాళ్ళు లాయర్‌ని అడిగి తేల్చుకోవాలి.

ఇదే రూల్ మీ ఇంట్లోనూ ఉంది. కోడలింకా హెచ్-1బీలోనే ఉంది, కాబట్టి సేఫ్ కోడ్ తనకి చెప్పకు. నమ్మకం లేక కాదు, తన చేతికి అందేలా ఉందంటే రేపు తన స్టేటస్‌కే ముప్పు. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి, కోడలు వద్దంటే రెండోది కొనకు. పాప పాకుతోందన్నావు, ఇంకో ఏడాదికి కుర్చీ లాక్కుని ఎక్కుతుంది. టెక్సాస్‌లో 17 ఏళ్ళ లోపు పిల్లల చేతికి లోడ్ చేసిన తుపాకీ అందేలా వదిలేస్తే పెద్దవాళ్ళ మీద కేసు. తాళం వేసి, అన్‌లోడ్ చేసి, తూటాలు వేరేచోట పెట్టు. మరీ ముఖ్యంగా, ఇంట్లో ఎవరికైనా మనసు బాలేదు, ఉద్యోగం పోయింది, రాత్రిళ్ళు నిద్ర లేదు అనుకో, నీకైనా సరే, నాకు ఫోన్ చెయ్, రెండూ తెచ్చి నా సేఫ్‌లో పెట్టుకుంటా, ఎందుకని కూడా అడగను. ఈ దేశంలో తుపాకీ చావుల్లో సగానికి పైన ఆత్మహత్యలేరా, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

న్యూజెర్సీ ఆఫర్ వచ్చేలా ఉందన్నావుగా, అది తేలేదాకా అసలు కొనకు. అక్కడ మ్యాగజైన్ పది రౌండ్లు దాటకూడదు, ఏఆర్‌ల మీద రూల్స్ కూడా చాలా గట్టిగా ఉంటాయి, ఇక్కడ కొన్నది అలాగే పట్టుకెళ్తే గుమ్మంలోనే నేరం కావచ్చు.

ఇంకో మాట, రేంజ్‌కి తీసుకెళ్ళే బ్యాగుని ఇండియా ప్రయాణానికి చచ్చినా వాడకు. అడుగు జేబులో ఒక్క తూటా ఉండిపోయినా శంషాబాద్‌లో స్కానర్‌కి దొరుకుతుంది, ఆయుధాల చట్టం కింద కేసు రాస్తారు, మర్చిపోయానండీ అంటే వినరు, సెలవంతా పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగడంతోనే అయిపోతుంది. సంక్రాంతికి వెళ్తున్నారుగా, రేంజ్ బ్యాగుకి ఎర్ర రిబ్బన్ కట్టి గ్యారేజ్‌లోనే ఉంచు.

బోల్ట్ ఫోటోలు తీసి వాట్సాప్ చెయ్, పగుళ్లున్నాయో లేదో నేనూ చూస్తా. జెర్సీ సంగతి తేలాక ఇద్దరం కలిసి డీలర్ దగ్గరికి వెళ్దాం.

బాబాయ్